1/25 ఫన్నీకార్‌కు డీటెయిల్ పార్టులు: ఏవి తెప్పించుకోవాలె, ఏవి ఇక్కడే దొరుకుతయి?

నల్లగొండ_హెమీ

అన్నలకు నమస్తే. ఎంపీసీ కంపెనీ 1/25 (అసలు బండిల 25వ వంతు) ఫన్నీకార్ మోడల్ కిట్ ఒకటి ఉన్నది, ఇంక జిగురు ముట్టలే. ఫన్నీకార్ అంటే బాడీ మొత్తం ఒక్కటే మూత లెక్క లేచే డ్రాగ్ రేసు బండి. 1970ల మొదట్ల బండి లెక్క చెయ్యాలె: 426 హెమీ (క్రైస్లర్ వీ8 ఇంజన్), 6-71 బ్లోయర్ (ఇంజన్లకు గాలి ఒత్తి పంపేది), పైన ఇంజెక్టర్ టోపీ (గాలి పీల్చే మూతి). కిట్ల ఇచ్చిన ఇంజన్ పార్టుల మీద మొత్తం క్రోమ్ పూత. ప్లగ్ వైర్లు లేవు, ఫ్యూయల్ లైన్లు లేవు, జూమీ పైపుల (పొగ బయటికి పోయే పొట్టి గొట్టాల) మూతులు మూసుకపోయి ఉన్నయి, బెల్టులు సీటుతోనే కలిపి పోసిండ్రు.

అమెరికా నుంచి ఒక్క పార్శిల్‌కే బడ్జెట్ ఉన్నది. పోస్టు ఖర్చు, మీదికెల్లి కస్టమ్స్ సుంకం కలిస్తే గోరంత పార్టు కూడ బరువైతది. గందుకే ఆ పార్శిల్ల ఏం పెట్టాలె, ఏం పెట్టొద్దు? "1/25 ప్లగ్ వైర్" అని అమ్మేది అసలు ఎంత మందం? మోటార్ వైండింగ్ రాగి వైరుతోటి పని నడుస్తదా? స్టీలు అల్లిక హోసుకు జరీ పోగు వాడొచ్చని ఒకాయన అన్నడు, అది నిజమేనా? జిగురు విషయం కూడ చెప్పండి, ఫెవిక్విక్ తప్ప ఇక్కడ ఏం దొరుకుతలేదు.

వైండింగ్_వైరు, మిర్యాలగూడ

తమ్మీ, వైర్ల కోసం డాలర్లు పెట్టకు. లెక్క ఒక్కటి పట్టుకో: 1/25ల అసలు బండి మీద ఒక అంగుళం ఉన్నది మోడల్ మీద 1.016 మి.మీ. అయితది. అంటే అంగుళాల కొలతను దాదాపు అట్లనే మి.మీ. అనుకోవచ్చు. 1/24 అయితే 1.058. కొలత మి.మీ.ల ఇచ్చి ఉంటే 25తోటి భాగించు.

పాత బండ్ల ప్లగ్ వైరు 7 మి.మీ. ఉండేది, భాగిస్తే 0.28. తర్వాత వచ్చిన 8 మి.మీ. వైరు 0.32. రాగి వైరు గేజులు చూడు: 30 గేజు 0.315 మి.మీ., 32 గేజు 0.274, 34 గేజు 0.234, 36 గేజు 0.193. నీ బండికి 32 లేకుంటే 34.

షాపుకు పోయి బోరు మోటార్ వైరు అడగకు. అది నీళ్లల్ల మునిగి నడిచేది కాబట్టి దానికి మందపాటి ప్లాస్టిక్ తొడుగుంటది. ఫ్యాన్లకు, మిక్సీలకు చుట్టే ఎనామెల్ వైరు అడుగు. "ఏ మోటారు కాలింది?" అని అడుగుతరు, జవాబు తయారు పెట్టుకో. కాలిన మోటార్ల నుంచి తీసిన వైరు ఉత్తగ ఇస్తనన్నా తీసుకోకు: ఎనామెల్ మాడి పెళుసై ఉంటది, వంపు దగ్గర పెచ్చులు లేస్తది, రంగు కూడ దాంతోనే ఊడుతది. కొత్త రీలు నుంచి రెండు మీటర్లు చాలు. ఎనిమిది వైర్లకు పట్టేది అర మీటరు, మిగిలింది చెడగొట్టుకునేటందుకు.

రీలు నుంచి వచ్చిన వైరు ఉంగరాలు తిరిగి ఉంటది. ఒక కొసను పట్టకారుతోటి గట్టిగ పట్టు, రెండో కొసను పెన్సిల్‌కు చుట్టి మెల్లగ లాగు. చేతికి ఒక్కసారి వదులైనట్టు తెలుస్తది, అక్కడ ఆపు. అప్పటికి కర్ర లెక్క తిన్నగైతది. ఇంక లాగితే నడుమ సన్నబడి తెగుతది.

ఇగ ఎట్ల కలపాలె. 426 హెమీల ప్లగ్గులు వాల్వ్ కవర్ నట్ట నడుమ వరుసగ ఉంటయి, పక్కకు నాలుగు. వైరు పైకెల్లి కవర్లకు దిగుతది, పక్కకెల్లి హెడ్ల గుచ్చేది కాదు. డ్రైవర్ ఎడమ పక్క ముందు నుంచి ఎనకకు 1, 3, 5, 7. కుడి పక్క 2, 4, 6, 8. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-8-4-3-6-5-7-2. షెవీ వీ8లది కూడ ఇదే ఆర్డర్, కాకపోతే దాంట్ల డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది) ఇంజన్ ఎనక ఉంటది. 426కు ముందట, కుడి దిక్కు. పాత 392 హెమీకి మల్ల ఎనకనే. ఇది చూసుకోకుండ ఇంటర్నెట్ల దొరికిన 392 ఫొటో చూసి 426కు వైర్లు గుంజినవాళ్లు శానమంది ఉన్నరు.

ఇంకో మాట. డిస్ట్రిబ్యూటర్ జాగల వెర్టెక్స్ తీరు మ్యాగ్నెటో (తనే కరెంటు పుట్టించేది) పెడితే టోపీ నడుమ తొమ్మిదో వైరు గుచ్చకు. కాయిల్ దాని లోపలనే ఉంటది, బయట కాయిల్ ఉండదు. ఎనిమిది వైర్లు, మ్యాగ్నెటో ఒంటి నుంచి ఆఫ్ స్విచ్‌కు పోయే సన్న వైరు ఒకటి, అంతే.

అంటించేటప్పుడు 7, 8 వైర్లు ముందు పెట్టు. అవి అన్నిటికంటె పొడుగు, అడుగున పోవాలె. ముందటి సిలిండర్లవి ఆఖరుకు. ఉల్టా పెడితే పొడుగువాటిని దూర్చే సందు మిగలదు.

పాలమూరు_బ్లోయర్

వైర్ల సంగతి అన్న చెప్పిండు. నేను పార్శిల్ సంగతి చెప్త.

పార్టు కొనే ముందు సంవత్సరం ఖాయం చేసుకో. డ్రాగ్ బండ్ల మోడల్ పార్టులు అమ్మే దుకాణాలు అన్ని కాలాలవి ఒకే పేజీల పెడతయి. రెండు మ్యాగ్నెటోలు, సిలిండర్‌కు రెండు చొప్పున 16 ప్లగ్గులు, 14-71 బ్లోయర్, దాన్ని కట్టి పట్టే పట్టీలు: ఇవన్నీ ఇప్పటి నైట్రో బండివి. 1971-72 బండికి ఒక మ్యాగ్నెటో, 8 ప్లగ్గులు, 6-71. ఆ 6-71 అసలు జీఎంసీ డీజిల్ ఇంజన్‌ది: ఆరు సిలిండర్లు, ఒక్కోటి 71 ఘనపు అంగుళాలు. 14-71 దానికంటె పొడుగు. పాత హెమీ మీద పెడితే ఎనకకు పొడుచుకొస్తది, బాడీ మూతపడదు.

పార్శిల్ల పెట్టాల్సినవి గుండ్రంగ, సన్నగ, లోహంతోటి ఉండి చేత్తో చెయ్యరానివి. మొదలు, టోపీకి రంధ్రాలు ముందే వేసి ఉన్న మ్యాగ్నెటో, లేత్ మీద కోసిన అల్యూమినియంది. రెండు, బ్లోయర్ పుల్లీల సెట్. కిట్ల బెల్టు, పుల్లీ కలిపి ఒకే ముద్ద ఇస్తరు, ఇంజన్ ముందు భాగమంతా అక్కడనే బొమ్మ లెక్క కనపడుతది. అసలు బెల్టు 3 అంగుళాల వెడల్పు, పండ్ల మధ్య దూరం అర అంగుళం. మోడల్ మీద 3 మి.మీ. వెడల్పు, అర మి.మీ.కొక పన్ను రావాలె. క్యాసెట్ టేపు వాడుతరు కొందరు, అది 3.8 మి.మీ., అట్లనే పెడితే పుల్లీ దాటుతది. స్టీలు స్కేలు పెట్టి నిలువున కొయ్యాలె. మూడు, సీటు బెల్టుల బకిళ్ల ఫొటో ఎచ్ రేకు (యాసిడ్‌తోటి కోసిన పల్చటి లోహపు రేకు). నాలుగు, డెకాల్స్ (నీళ్లల్ల నానబెట్టి అంటించే బొమ్మలు, రాతలు). ఐదు, డబ్బులు మిగిలితే పది పన్నెండు హోస్ ఫిట్టింగులు, ఎర్రవి నీలివి.

డిటెయిల్ మాస్టర్, ప్రో టెక్, మోడల్ కార్ గ్యారేజ్, పార్ట్స్ బై పార్క్స్, ఆర్‌బీ మోషన్, డెకాల్స్‌కు స్లిక్స్: ఈ పేర్లతోటి వెతుకు. వీళ్లవి ఎక్కువ చిన్న చిన్న ఇంటి పనులు, గందుకే డబ్బు కట్టే ముందు స్టాక్ ఉందా అని మెయిల్ పెట్టు. రంగు డబ్బాలు, జిగుర్లు ఆ పార్శిల్ల కలపకు. మండే సరుకు, విమానం ఎక్కనియ్యరు, దాంతోటి మొత్తం పార్శిల్ ఆగుతది.

1/24 అని రాసి ఉన్న ఇంజన్ 1/25 ఛాసిస్‌కు కొనకు. తేడా 4 శాతమే అనిపిస్తది. 30 అంగుళాల ఇంజన్ 1/25ల 30.5 మి.మీ., 1/24ల 31.75. ఆ ఒకటింబావు మి.మీ.కు ముందటి ఫ్యూయల్ ట్యాంకు జరపాలె, లేకుంటే సీటు ఎనకకు పోవాలె. పుల్లీలు, ఫిట్టింగులు, బకిళ్లు 1/24వి అయినా ఎవరూ పట్టుకోలేరు.

జూమీ పైపుల మూతులు కొనేది లేదు, తొలువు. అసలు పైపు 2¼ అంగుళాలంటే మోడల్ మీద 2.3 మి.మీ. ఒక్కసారే 2 మి.మీ. బిట్టు పెడితే పక్కకు జారి గోడ చీలుతది. సూదితోటి నడుమ చుక్క గుచ్చు, 0.8తోటి మూడు మి.మీ. లోతుకు పో, తర్వాత 1.5, ఆఖరుకు కత్తి మొనను లోపల తిప్పుకుంట అంచు సన్నం చెయ్యి. బిట్టు పిన్ వైస్‌ల (చేత్తో తిప్పే చిన్న డ్రిల్లుల) పెట్టి తిప్పేది అయితే హైస్పీడ్ స్టీలుదే కొను. కోఠి గుజరాతీ గల్లీల దొరికే పీసీబీ కార్బైడ్ బిట్లు మిషన్‌కు మంచివి, చేతిల జర్రంత వంగితే పుటుక్కున విరుగుతయి. విరిగిన ముక్క ప్లాస్టిక్ లోపల ఉండిపోతే దాన్ని తీసేటందుకు ఆ పార్టే కొయ్యాలె.

గద్వాల_1320

జరీ గురించి అడిగిండ్రు కాబట్టి. పట్టు పోగు మీద సన్న లోహపు తీగ స్ప్రింగ్ లెక్క చుట్టుకొని ఉంటది జరీ. అల్లిక ఉండదు. లెన్స్ కింద పెట్టి చూడు, ఒకే దిక్కు వాలిన గీతలు కనపడుతయి. స్టీలు హోస్ మీద గీతలు అడ్డదిడ్డంగ ఒకదాని మీద ఒకటి దాటుతయి. రెండు మూడు పోగులు పేనితే ఇంక తాడే అయితది. హోస్‌కు పనికిరాదు. కాని మూడు నాలుగు మి.మీ. జరీ ముక్కను ఇంజెక్టర్ పక్కన థ్రాటిల్ దగ్గర పెట్టు, రిటర్న్ స్ప్రింగ్ అచ్చం అట్లనే ఉంటది. అంతకంటె సన్న స్ప్రింగ్ చేత్తో చుట్టుడు కష్టం.

హోస్‌కు ఫ్యాన్సీ దుకాణంల పూసలు గుచ్చే వెండి రంగు ఎలాస్టిక్ దారం తీసుకో. లోపల రబ్బరు, పైన నిజంగనే అల్లిక. కోసే చోట ముందు ఫెవిక్విక్ చుక్క పెట్టి, ఆరినంక కొత్త బ్లేడుతోటి కొయ్యి. లేకుంటే కొస పూవు లెక్క విచ్చుకుంటది. రబ్బరు కాబట్టి వంపులు మంచిగ గుండ్రంగ వస్తయి, మడత పడదు. అయితే ఏ వంపునూ పట్టి ఉంచదు, తిన్నగైతనే ఉంటది. రెండు కొసలకూ 0.3 రాగి వైరు ముక్క గుచ్చి, ఆ వైరును తొలిచిన రంధ్రంల దించాలె. మెరుపు ఎక్కువైతే పల్చటి నల్ల రంగు తాపి వెంటనే గుడ్డతోటి తుడువు. నలుపు అల్లిక సందులల్ల నిలుస్తది.

సైజు దగ్గర తప్పు పోతరు. హోసులను ఏఎన్ నంబర్లతోటి పిలుస్తరు. ఏఎన్-8 అంటే ఎనిమిది పదహారో వంతులు, అంటే అర అంగుళం. అది ఆ సైజు ఫిట్టింగుకు పట్టే లోహపు గొట్టం బయటి కొలత, హోస్ బయటి మందం కాదు. రబ్బరు మందం, అల్లిక కలిపితే బయట సుమారు 0.65 అంగుళం ఉంటది. మోడల్ మీద 0.65 మి.మీ. కావాలె, 0.5 కాదు. ఏఎన్-12 అయితే దగ్గర దగ్గర 0.95. ట్యాంకు నుంచి పంపుకు లావు లైను, పంపు నుంచి ఇంజెక్టర్‌కు దానికంటె సన్నది, నాజిళ్లకు పోయేవి ఇంక సన్నయి. అన్నీ ఒకటే మందం పెట్టిన ఇంజన్ ఎన్ని గంటలు చేసినా అతికినట్టు ఉండదు.

నల్లగొండ_హెమీ

జరీ స్ప్రింగ్ మాట భలే ఉన్నది అన్నా. రెండు అనుమానాలు మిగిలినయి. రాగి వైరు మీద రంగు నిలుస్తదా, వంచితే పగులదా? ప్లగ్ మీద రబ్బరు బూటు దేనితోటి చెయ్యాలె?

వనపర్తి_మాస్టారు

ముందుగా మిర్యాలగూడ సోదరుడి లెక్కకు చిన్న చేర్పు. గేజు పట్టికలో ఉండేది ఒట్టి రాగి మందం. ఎనామెల్ మరో 0.03 మి.మీ. దాకా కలుపుతుంది, ప్రైమరూ రంగూ ఇంకొంచెం. కాబట్టి 32 గేజు రంగు వేశాక 0.32కు చేరుతుంది, అది 8 మి.మీ. వైరు. 7 మి.మీ. కావాలంటే 34 గేజే సరైనది.

రంగు సంగతి. ముందు వంచండి, తర్వాత రంగు వేయండి. వంచిన ఎనిమిది వైర్లనూ థర్మాకోల్ ముక్కలో గుచ్చి, ప్రైమర్ పల్చగా ఒక్క కోటు, దాని మీద రంగు. ఎనామెల్‌ను గీకి తీసేయకండి. ప్రైమర్ పట్టేది దాని మీదే. రంగు వేశాక బిగించేటప్పుడు మళ్లీ కొద్దిగా సర్దాలి కదా, అక్కడ పగిలిన చోట సన్న కుంచెతో దిద్దితే సరిపోతుంది.

బూటుకు 30 ఏడబ్ల్యూజీ (అమెరికా గేజు, పైన చెప్పిన గేజు వేరు) వైర్-ర్యాప్ వైరు కొనండి. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో నలుపు, ఎరుపు, నీలం దొరుకుతాయి. దాని తొడుగు బయట సుమారు 0.5, లోపల 0.25 మి.మీ. తొడుగును ఒకటిన్నర మి.మీ. ముక్కలుగా కోసి లోపలి తీగ లాగేస్తే 34 గేజు వైరు బిగుతుగా దూరుతుంది. 32 దూరదు, ముక్క చీలుతుంది. ఈ వైరునే తొడుగుతో సహా ప్లగ్ వైరుగా వాడేవారున్నారు. 0.5ను 25తో గుణించండి: అసలు బండి మీద 12 మి.మీ. పైన. తోటలో నీళ్లు పెట్టే పైపులాగా కనిపిస్తుంది.

ఫిట్టింగులు కొనలేకపోతే మందుల షాపులో సిరంజి సూదులు అడగండి. 18జీ సూది బయట 1.27, లోపల 0.84 మి.మీ.; 21జీ బయట 0.82, లోపల 0.51, 23జీ బయట 0.64, లోపల 0.34. ఏఎన్-8 హోస్ కొసకు 18జీ ముక్క, నాజిల్ లైనుకు 23జీ. కటింగ్ ప్లేయర్‌తో కోస్తే మూతి నలిగి మూసుకుపోతుంది. సన్న ఆకురాయితో చుట్టూ గీత పెట్టి, గీత దగ్గర విరవండి, లోపల గుండుసూది తిప్పి గరుకు తీయండి. కోసేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి, తెగిన ముక్క ఎటు ఎగురుతుందో తెలియదు. ఎరుపు, నీలం పూతకు టామియా ఎక్స్-27, ఎక్స్-23 పారదర్శక రంగులు. లేదంటే స్టేషనరీ షాపు గ్లాస్ పెయింటు. పర్మనెంట్ మార్కర్ కూడా మెరిసే లోహం మీద బాగుంటుంది, అయితే దాని మీద క్లియర్ (రంగులేని వార్నిష్) కొట్టారో కరిగి కారిపోతుంది.

జిగురు. ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్ అయితే కరిగించి అతికే మోడల్ సిమెంటు. అది లోహాన్నీ రెజిన్‌నీ (అచ్చులో పోసి గట్టిపరిచే ప్లాస్టిక్‌నీ) ఏమీ చేయలేదు. వాటికి ఫెవిక్విక్ గానీ, రెండు ట్యూబుల ఎపాక్సీ గానీ. లేత్ పార్టుల కింద ఉండే పిన్నును ముందు ఎమరీతో గరుకు చేసి ఎపాక్సీతో దించండి. నునుపు లోహం మీద ఫెవిక్విక్ గాజులాగా పట్టి, పక్కనుంచి చిన్న దెబ్బ తగలగానే వదిలేస్తుంది. అద్దాల దగ్గర ఫెవిక్విక్ అసలు వద్దు. దాని ఆవిరి తెల్లటి పొరగా అద్దం మీద కూర్చుంటుంది, వానకాలం తేమలో మరీ ఎక్కువ. అక్కడ తెల్ల ఫెవికాల్ చాలు, ఆరితే కనిపించదు.

డెకాల్స్ బోరు నీళ్లలో నానబెట్టకండి. మన నల్లగొండ, పాలమూరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఆరాక అంచుల చుట్టూ తెల్లటి మచ్చ మిగులుతుంది, క్లియర్ కొట్టాక అది ఇక పోదు. ఆర్‌వో క్యాను నీళ్లు వాడండి.

పాలమూరు_బ్లోయర్

క్రోమ్ సంగతి ఎవరూ చెప్పలే. బట్టలకు వాడే ద్రవం బ్లీచ్‌ల వేస్తే పూత పోతది, కిందున్న పల్చటి లక్కర్ పొర కొన్ని కిట్లల్ల మిగులుతది, దాన్ని 800 ఎమరీతోటి నీళ్లల్ల రుద్దాలె. ఆ బ్లీచ్ గిన్నెల బాత్రూం కడిగే యాసిడ్ పొరపాటున కూడ కలవొద్దు, క్లోరిన్ గ్యాసు లేస్తది. బ్లోయర్, మ్యానిఫోల్డ్‌కు క్రోమ్ తీసెయ్యి, అసలువి మెరుపు లేని బూడిద రంగు మెగ్నీషియం, అల్యూమినియం. వాల్వ్ కవర్లకు ఉంచినా తప్పులేదు, ఆ కాలంల మెరుగు పెట్టినవే ఎక్కువ.

రెజిన్ పార్టు ఏదన్న తెప్పిస్తే గిన్నెలు తోమే సబ్బుతోటి కడుగు, అచ్చు నూనె పోకపోతే రంగు తోలు లెక్క ఊడుతది. రుద్దేటప్పుడు తడిపి రుద్దు, మాస్కు పెట్టు, ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. గాలి బుడగల గుంతలకు వంట సోడా చల్లి ఫెవిక్విక్ చుక్క వేస్తే క్షణంల గట్టిపడుతది. అప్పటికప్పుడే రుద్దెయ్యి, రేపటికి రెజిన్ కంటె గట్టిగైతది. ఎనక రెక్క వంకర వస్తే మరిగే నీళ్లకంటె జర తక్కువ వేడిల ముంచి, అద్దం మీద తిన్నగ ఒత్తి, చల్ల నీళ్లల్ల పెట్టు. మే నెలల రేకుల ఇంట్ల అటకమీద పెడితే మల్ల వంగుతది, అది వేరే ముచ్చట.

అన్నిటికంటె ముఖ్యం, ఫన్నీకార్ బాడీ ఇంజన్ మీదికి మూతపడాలె. ప్రతి పార్టు అంటించే ముందు టేపుతోటి నిలబెట్టి బాడీ దించి చూడు. మ్యాగ్నెటో టోపీ, వాల్వ్ కవర్ మీద బూట్లు, ఇంజెక్టర్ ఎనక ఫిట్టింగు: తగిలేది ఈ మూడే. చుట్టూ ఒక మి.మీ. ఖాళీ ఉంచు, బాడీ లోపలి దిక్కు రంగు మందం కూడ లెక్కల వస్తది. బూట్లు తగిలితే బూటు పొడుగు ఒక మి.మీ.కు తగ్గించు, వైరును కవర్ మీద పండబెట్టు. బాడీని లోపల గీకుడు మొదలుపెడితే ఆ ప్లాస్టిక్ పల్చబడి బయట నీడ కనపడుతది.

గద్వాల_1320

బెల్టు పట్టీ ఒక్కటి మిగిలింది. అసలు పట్టీ 3 అంగుళాలు, అంటే 3 మి.మీ. సాటిన్ రిబ్బన్ 3 మి.మీ.ది దొరుకుతది గాని మందం ఎక్కువ, బకిల్‌లకెల్లి దూరదు. మాస్కింగ్ టేపును వీపు వీపు కలిపి అంటించి, రంగు వేసి, 3 మి.మీ. పట్టీలు కొయ్యి. ఫొటో ఎచ్ బకిళ్లను నేల మీద వేసే నున్నటి టైలు మీద పెట్టి గుండ్రటి బ్లేడుతోటి కొయ్యాలె, రబ్బరు మ్యాట్ మీద కోస్తే వంగిపోతయి. ఇత్తడిది అయితే లైటర్ మంట మీద ఎర్రగయ్యేదాక చూపి చల్లారనిస్తే మెత్తబడి మంచిగ మడతపడుతది. స్టీలుదానికి మంట చూపకు, రంగు మారుడు తప్ప లాభం లేదు.